చిన్నప్పుడు విరిగిన మణికట్టు సరిగ్గా పెరుగుతోందా? ఎలా చూసుకోవాలి, తేడా వస్తే ఏం చేయించాలి

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ముందు రోజు గాజులు వేయించడానికి కూర్చోబెట్టాం. గాజులావిడ ఎడమ చేతికి డజను గాజులు చకచకా ఎక్కించేసింది. కుడి చేతికి వచ్చేసరికి ఆగింది. "అమ్మా, పాపకి ఈ చేతి గుబ్బ పెద్దగా ఉందేంటి? ఎప్పుడన్నా విరిగిందా?" అని అడిగింది.

విరిగింది. పదేళ్ల వయసులో, వేసవి సెలవుల్లో మా అమ్మ వాళ్లింట్లో జామచెట్టు మీంచి పడి. నాలుగు వారాలు పిండికట్టు వేశారు, విప్పారు. "చక్కగా అతుక్కుంది, ఇక రానక్కర్లేదు" అన్నారు. మేమూ మర్చిపోయాం. అమ్మాయి కూడా ఒక్కరోజు నొప్పి అనలేదు. రెండేళ్లపాటు ఇంట్లో ఎవరి కంటా పడనిది గాజులావిడ వేళ్లకి తెలిసిపోయింది.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆసుపత్రుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదంతా వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ పిల్లకి ఏ ఆపరేషన్ కావాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఎప్పుడు వెళ్లాలో, ఏం అడగాలో ముందే తెలిసి ఉంటే మాకు ఏడాది పైనే కలిసొచ్చేది.

ముందు విరిగింది ఎక్కడో తెలుసుకోండి

ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. బొటనవేలి వైపు రేడియస్, చిటికెన వేలి వైపు అల్నా. పిల్లల్లో వీటి చివర్ల దగ్గర మృదులాస్థితో ఒక పలచటి పొర ఉంటుంది. డాక్టర్లు దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఎక్స్‌రేలో అది నల్ల గీతలా కనిపిస్తుంది కాబట్టి, చాలామంది ఆ గీతనే ఎముక విరిగిన చోటు (ఫ్రాక్చర్) అనుకుని హడలిపోతారు. అది ఉండాల్సిన గీతే.

రేడియస్ పొడవులో దాదాపు 75 నుంచి 80 శాతం పెరుగుదల మణికట్టు వైపున్న ప్లేట్ నుంచే వస్తుంది. మోచేతి వైపు నుంచి వచ్చేది మిగతా కొంచెమే. అల్నాదీ అదే లెక్క. అందుకే మణికట్టు దగ్గర ప్లేట్ దెబ్బతింటే ముంజేయి మొత్తం మీద ప్రభావం పడుతుంది.

కాబట్టి పాత ఫైలు బయటికి తీయండి. రిపోర్టులో "సాల్టర్ హారిస్" అన్న మాట, పక్కన ఒక అంకె ఉందేమో చూడండి. టొరంటోలో పనిచేసిన సాల్టర్, హారిస్ అనే ఇద్దరు డాక్టర్లు 1963లో గ్రోత్ ప్లేట్ ఫ్రాక్చర్లను ఐదు రకాలుగా విడగొట్టారు. మణికట్టులో ఎక్కువగా కనిపించేది రెండో రకం. మూడు, నాలుగు రకాల్లో ఫ్రాక్చర్ ప్లేట్‌ని దాటుకుని కీలు దాకా పోతుంది, వాటితో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఐదోది ప్లేట్ నలిగిపోవడం. ఇది మొదటి ఎక్స్‌రేలో తెలియకపోవచ్చు, నెలల తర్వాతే బయటపడుతుంది.

రిపోర్టులో ఏమీ రాసి లేకపోతే డాక్టర్ని సూటిగా ఒక్క ప్రశ్న అడగండి: "ఫ్రాక్చర్ గ్రోత్ ప్లేట్‌కి తగిలిందా, లేక దానికి పైనే ఉందా?" పైనే ఉంటే చాలావరకు గండం గడిచినట్టే. తగిలితే ఈ మిగతా వ్యాసమంతా మీకోసమే.

భయపడాల్సినంత ఏమీ లేదని కూడా ఇక్కడే చెప్పాలి. రేడియస్ ప్లేట్‌కి దెబ్బ తగిలిన పిల్లల్లో పెరుగుదల ఆగిపోయేది నూటికి నలుగురైదుగురిలోనే. అల్నా సంగతి మాత్రం వేరు. దాని ప్లేట్ విరగడం అరుదే గానీ, విరిగితే దాదాపు సగం మందిలో పెరుగుదల దెబ్బతింటుంది. "చిన్న ఎముకలే, దానిదేముంది" అని ఎవరన్నా అంటే ఊరుకోకండి.

కట్టు ఉన్నప్పుడు

ఇప్పుడే దెబ్బ తగిలి కట్టులో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ భాగం. సరిచేసి కట్టు వేశాక వారం లోపు మరోసారి ఎక్స్‌రే తీయించండి. లోపల ఎముక జరిగితే అప్పుడే తెలుస్తుంది. గ్రోత్ ప్లేట్ దెబ్బ పిల్లల్లో చాలా త్వరగా అతుక్కోవడం మొదలుపెడుతుంది. వారం, పది రోజులు దాటాక మళ్లీ లాగి సరిచేయబోతే ఆ లాగడమే ప్లేట్‌ని గాయపరచవచ్చు. అందుకే ఆలస్యంగా వెళ్లినప్పుడు డాక్టరు "ఇప్పుడు కదిలించను, అలాగే అతకనిద్దాం" అంటే అది నిర్లక్ష్యం అనుకోకండి. మా బంధువుల్లో ఒకాయన ఇలా అన్న డాక్టర్ని తిట్టుకుని ఇంకోచోట లాగించారు. ఆ డాక్టరు చెప్పిందే సరైనదని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

మన దగ్గర ఎముక విరిగితే కట్టు కట్టించడం తరాల అలవాటు. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు. ఎవరితో కట్టించినా రెండు విషయాల్లో మాత్రం రాజీ పడకండి. కట్టుకి ముందూ తర్వాతా ఎక్స్‌రే ఉండాలి. కట్టాక వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, తిమ్మిరి పట్టినా, వేళ్లు చాపితే పిల్ల కెవ్వుమన్నా అర్ధరాత్రయినా సరే కట్టు విప్పించండి. బిగుసుకుపోయిన కట్టు వల్ల పోయిన కండ తిరిగి రాదు.

కట్టు విప్పాక నూనె మర్దన చేయించి చేతిని బలంగా తిప్పించకండి. నల్లేరు పచ్చడి పెట్టండి, మా అమ్మా పెట్టింది. క్యాల్షియం సిరప్ డాక్టరు రాస్తే పట్టండి. ఇవి ఆహారం వరకు మంచివే. మూసుకుపోయిన గ్రోత్ ప్లేట్‌ని ఇవేవీ తెరవలేవు.

వంకర వేరు, ఆగిపోవడం వేరు

ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే తల్లిదండ్రులు అనవసరంగా బెంగపడతారు, లేదా అనవసరంగా ధీమాగా ఉంటారు.

ఎముక కొంచెం వంకరగా అతికింది, కానీ ప్లేట్ బతికే ఉంది అనుకుందాం. అప్పుడు పెరుగుదలే దాన్ని సరిచేస్తుంది. పదేళ్ల లోపు పిల్లల్లో 15, 20 డిగ్రీల వంపు కూడా ఏడాది, రెండేళ్లలో సర్దుకుపోవడం మామూలే. కట్టు విప్పిన రోజు చెయ్యి వంకరగా కనబడితే కళ్లనీళ్లు పెట్టుకోనక్కర్లేదు. ఇక్కడ కాలం మన పక్షాన ఉంటుంది.

ప్లేట్ దెబ్బతింటే కథ తిరగబడుతుంది. కట్టు విప్పిన రోజు చెయ్యి నిటారుగా, అందంగా ఉంటుంది. మా అమ్మాయిది అలాగే ఉంది. గాయం మానేటప్పుడు ప్లేట్‌కి అడ్డంగా ఎముక వంతెనలా ఏర్పడుతుంది. డాక్టర్లు దాన్ని "బార్" అంటారు. తలుపుకి ఒక పక్క మేకు కొట్టినట్టు, ఆ పక్కన పెరుగుదల ఆగిపోతుంది, రెండో పక్క పెరుగుతూనే ఉంటుంది. వంతెన ఒక అంచున ఉంటే ఎముక ఆ వైపుకి ఒరుగుతుంది. ప్లేట్ మొత్తం మూసుకుంటే ఎముక నిటారుగానే ఉండి పొట్టిగా మిగిలిపోతుంది. పక్కనున్న అల్నా మాత్రం తన పని తాను చేసుకుంటూ పొడుగవుతుంది. గాజులావిడ చేతికి తగిలిన గుబ్బ అదే.

కొన్ని మిల్లీమీటర్లకే ఇంత హడావుడి ఎందుకంటే, మామూలుగా మణికట్టు మీద పడే బరువులో 80 శాతం దాకా రేడియస్ మోస్తుంది, 20 శాతం అల్నా. అల్నా కేవలం రెండున్నర మిల్లీమీటర్లు పొడుగైతే దాని వాటా 40 శాతం పైకి వెళ్తుందని ప్రయోగాల్లో కొలిచారు. దాన్ని మోయడానికి పుట్టని ఎముక మీద అంత బరువు పడితే మధ్యలో ఉన్న మెత్తటి కణజాలం చిరుగుతుంది, చిన్న ఎముకలు ఒరుసుకుంటాయి. నొప్పి అప్పుడు మొదలవుతుంది. అంటే నొప్పి వచ్చేసరికి ఆలస్యమైపోయినట్టే.

క్యాలెండర్‌లో రాసుకోండి

కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడొద్దు. తేదీలు పెట్టుకోండి. ప్లేట్‌కి దెబ్బ తగిలిందని తెలిస్తే కట్టు విప్పాక మూడు నెలలకి ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి ఎక్స్‌రే. ఆ తర్వాత పెరుగుదల ఆగేదాకా ఆరు నెలలకో, ఏడాదికో డాక్టరు చెప్పినట్టు. డాక్టరు "రానక్కర్లేదు" అన్నా ఆరు నెలలది మాత్రం మీరే అడిగి తీయించుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన ఫిల్మ్ అదే. వందల రూపాయల పని. మేము అది తీయించుకోకపోవడం వల్ల ఎంత ఖర్చయిందో రాయాలంటే చెయ్యి రావట్లేదు.

ఎక్స్‌రే తీయించేటప్పుడు రెండు చేతులూ తీయమని అడగండి. మంచి చేతితో పోల్చితే తప్ప తేడా తెలియదు. టెక్నీషియన్‌కి ఇంకో మాట కూడా చెప్పండి: భుజం ఎత్తుకి చెయ్యి పక్కకి చాపి, మోచేయి 90 డిగ్రీలు మడిచి, అరచెయ్యి పలక మీద బల్లపరుపుగా ఆనించి తీయాలి. ముంజేయి కొంచెం అటూ ఇటూ తిరిగినా, పిల్ల పిడికిలి బిగించినా అల్నా పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడాగా కనిపిస్తుంది. మాకు ఒకచోట 4 మిల్లీమీటర్లన్నారు, నెల తిరక్కుండా ఇంకోచోట 6 అన్నారు. ఒక్క నెలలో రెండు మిల్లీమీటర్లా అని రాత్రంతా నిద్రపోలేదు. చివరికి తేలిందేమిటంటే మొదటిచోట చెయ్యి సరిగ్గా పెట్టలేదు, అంతే. వీలైతే ప్రతిసారీ ఒకేచోట తీయించుకోవడం మేలు.

ఫిల్ములన్నీ తేదీలవారీగా ఒక ఫైల్లో పెట్టండి. ఫోన్లో ఫొటోలు చాలవు, వాటి మీద కొలవలేరు.

ఇంట్లో చూసుకునే పద్ధతి

నెలకోసారి, ఆదివారం తలస్నానం చేయించాక అనుకోండి, ఐదు నిమిషాలు చాలు.

రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టించి చిటికెన వేలి వైపు గుబ్బలు పోల్చండి. ఒకటి ఎక్కువగా లేచి ఉందా? అరచెయ్యి ఏదో ఒక పక్కకి ఒరిగినట్టుందా? తర్వాత ఛాతీ ముందు నమస్కారం పెట్టించి, అరచేతులు విడిపోకుండా మోచేతులు పైకి ఎత్తమనండి. ఒక మోచేయి త్వరగా ఆగిపోతే మణికట్టు వెనక్కి వంగడం తగ్గిందని గుర్తు. తర్వాత మోచేతులు నడుముకి ఆనించి గుడిలో తీర్థం పట్టినట్టు రెండు అరచేతులూ పైకి తిప్పించండి. పిల్లలు ఇక్కడ మోసం చేస్తారు, తెలియకుండానే భుజం వంచి సరిపెట్టేస్తారు. అందుకే మోచేయి నడుముకి అతికి ఉండాలి. రెండు చేతుల్లో పెన్నులు నిలువుగా పట్టిస్తే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది.

మోచేయి కూడా తడిమి చూడండి. ఇది చాలామందికి తెలియదు. అల్నా పెరుగుదల ఆగిపోతే రేడియస్ విల్లులా వంగుతుంది, ఒక్కోసారి దాని పై కొస మోచేతి దగ్గర కీలు నుంచి జారుతుంది. మణికట్టు దెబ్బకి మోచేతిలో బొడిపె ఏమిటని కొట్టిపారేయకండి.

ఇవి కాక పిల్లల మాటల్లో దొర్లేవి ఉంటాయి. గుడ్డ పిండేటప్పుడు లాగుతోంది అంటుంది. తాళం తిప్పేటప్పుడు చురుక్కుమంటుంది. బడిలో దండీలు తీయనంటే పీటీ సారు బద్ధకం అనుకుంటారు. ఏ ఒక్కటి కనిపించినా తేదీ వచ్చేదాకా ఆగకుండా వెళ్లండి.

డాక్టరు ఫిల్మ్‌లో ఏం చూస్తారు

ఆరు నెలల ఎక్స్‌రేలో ప్లేట్‌కి కొంచెం పైన సన్నటి తెల్ల గీత ఒకటి కనిపించవచ్చు. దెబ్బ తగిలినప్పుడు పెరుగుదల కొన్నాళ్లు నెమ్మదించి మళ్లీ అందుకున్న గుర్తు అది. హారిస్ గీత అంటారు. ఈ హారిస్ సాల్టర్‌తో ఉన్న హారిస్ కాదు, ఇంకో ఆయన. ఆ గీత ప్లేట్‌కి సమాంతరంగా, దూరంగా జరుగుతూ ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు, అంతటా పెరుగుతోందన్నమాట. గీత ఏటవాలుగా వెళ్లి ఒక పక్క ప్లేట్‌ని తాకుతుంటే అక్కడ వంతెన ఉందని అనుమానం. డాక్టర్ని "హారిస్ గీత సమాంతరంగా ఉందా సార్?" అని అడిగి చూడండి. మా డాక్టరు కుర్చీలో కొంచెం ముందుకి జరిగి అప్పటినుంచి అన్నీ వివరంగా చెప్పడం మొదలుపెట్టారు.

అనుమానం బలపడితే ఎమ్మారై గానీ సీటీ గానీ రాస్తారు. వంతెన ఎక్కడుంది, ప్లేట్‌లో ఎంత భాగం ఆక్రమించింది అన్నది వాటిలోనే తేలుతుంది. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు కాబట్టి పిల్లలకి అదే నయం, కదలకుండా పడుకోగలిగితే.

ఇంకోటి బోన్ ఏజ్. ఎడమ చేతి ఎక్స్‌రేని అట్లాస్‌తో, అంటే ఏ వయసులో ఎముకలు ఎలా ఉంటాయో చూపించే బొమ్మల పుస్తకంతో పోల్చి ఎముకల వయసు చెప్తారు. పుట్టినరోజు ప్రకారం పన్నెండేళ్లున్నా ఎముకల వయసు పదకొండో పదమూడో ఉండొచ్చు. ఇంకా ఎన్నేళ్ల పెరుగుదల మిగిలి ఉందో దీన్నిబట్టే అంచనా వేస్తారు. మణికట్టు ప్లేట్లు సుమారుగా అమ్మాయిల్లో 15, 16 ఏళ్లకి, అబ్బాయిల్లో 17, 18కి మూసుకుంటాయి. అమ్మాయి పెద్దమనిషి అయ్యాక ఇంచుమించు రెండేళ్లే పొడవు పెరుగుదల ఉంటుంది. అందుకే ఓణీల ఫంక్షన్ దాకా ఆగడం మాకు అంత ఖరీదైంది.

ఏ దారిలో వెళ్తారు

డాక్టరు తల్లో రెండు లెక్కలు నడుస్తుంటాయి: వంతెన ఎంత ఉంది, పెరుగుదల ఎంత మిగిలి ఉంది. మిగతా నిర్ణయాలన్నీ వీటి నుంచే.

పెరుగుదల దాదాపు అయిపోయి, తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉండి, నొప్పి లేకపోతే ఏమీ చేయకుండా గమనిస్తూ ఉండటమే చికిత్స. దీనికి కూడా ఫీజు ఎందుకని గొణుక్కోకండి.

వంతెన చిన్నదై, అంటే ప్లేట్‌లో సగం కన్నా తక్కువ ఉండి, ఇంకా రెండేళ్లకు పైగా పెరుగుదల మిగిలి ఉంటే వంతెనని తొలిచి తీసేయవచ్చు. మూడో వంతు లోపు ఉంటే ఫలితం ఇంకా మెరుగ్గా ఉంటుందంటారు. తొలిచిన గుంటలో మళ్లీ ఎముక అల్లుకోకుండా పిల్ల ఒంట్లోంచే తీసిన కొవ్వు పెడతారు. 1960ల చివర్లో ఫిన్లాండ్ డాక్టరు లాంగెన్‌షోల్డ్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఆలోచన చాలా తిన్ననిది. ఇది పనిచేస్తే ఎముక మళ్లీ తనంతట తాను పెరుగుతుంది. అన్నిసార్లూ పనిచేయదు, వంతెన మళ్లీ పడవచ్చు. ఆపరేషన్ అయ్యాక కూడా ఎక్స్‌రేలు మానకూడదు.

వంతెన పెద్దదైపోయి, లేదా ప్లేట్ పూర్తిగా మూసుకుపోయి, అల్నా ఇంకా పెరుగుతూ ఉంటే అల్నాని ఆపడమే మార్గం. దాని ప్లేట్‌ని డ్రిల్లుతో తొలిచి కావాలనే మూసేస్తారు. మొదటిసారి విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఒక ఎముక ఆగిపోయిందని ఏడుస్తుంటే రెండోదాన్ని కూడా ఆపుతామంటారేమిటి? డాక్టరు కాగితం మీద రెండు గీతలు గీసి చూపించారు. ముంజేయి సెంటీమీటరో రెండో పొట్టిగా ఉన్నా బతుకు సాగిపోతుంది, చూసేవాళ్లకి కూడా చాలావరకు తెలియదు. రెండు ఎముకలూ ఎగుడుదిగుడుగా ఉంటే మణికట్టు జీవితాంతం బాధపెడుతుంది. ఇప్పటికే పొడుగైన అల్నా ఉంటే మధ్యలో చిన్న ముక్క కోసి తీసేసి, లోహపు ప్లేటు, స్క్రూలు వేసి బిగిస్తారు. మా అమ్మాయికి జరిగింది ఇదే. రేడియస్‌లో మిగిలిన కాస్త ప్లేట్‌నీ మూశారు, లేకపోతే అది ఒక పక్కకే పెరిగి ఒరిగిపోతుంది. అల్నా ప్లేట్‌ని మూసి, ఎముకని 6 మిల్లీమీటర్లు తగ్గించారు.

పిల్ల వయసు ఏడో ఎనిమిదో అయితే ఈ దారి అంత సులువు కాదు. అంత చిన్న వయసులో రెండూ ఆపేస్తే చెయ్యి చాలా పొట్టిగా మిగిలిపోతుంది. అప్పుడు రేడియస్‌ని పొడిగించడం గురించి మాట్లాడతారు. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టరు కనిపెట్టిన రింగుల పద్ధతో, దాని నుంచి వచ్చిన చిన్న ఫ్రేమో. ఎముకని కోసి, బయట బిగించిన ఫ్రేమ్‌ని రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున తెరుస్తారు. పావు మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు, అదీ ఇంట్లో మీరే తిప్పాలి. మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. అది గట్టిపడేదాకా ఫ్రేమ్ ఉండాలి కాబట్టి నెలల పని. సూదులు దిగిన చోట రోజూ శుభ్రం చేయాలి, చీము పడుతుందేమో కనిపెట్టుకోవాలి, వేళ్లు బిగుసుకోకుండా వ్యాయామం చేయించాలి. ఇంట్లో ఒకరు దానికే అంకితమైపోవాలి. ఒప్పుకునే ముందు ఆ ఒకరు ఎవరో తేల్చుకోండి.

ఎముక ఒరిగిపోయి ఉంటే దాన్ని కోసి, సరైన కోణానికి తెరిచి, సందులో తుంటి ఎముక నుంచి తెచ్చిన ముక్క పెట్టి బిగిస్తారు. పొడవు సరిచేసే ఆపరేషన్‌తో కలిపి కూడా చేయవచ్చు.

ఎవరి దగ్గరికి, ఎంత సిద్ధపడి

మామూలు ఎముకల డాక్టర్లందరూ ఇది చేయరు. పిల్లల ఎముకల నిపుణులు గానీ, చేతి శస్త్రచికిత్స చేసేవాళ్లు గానీ కావాలి. తెలుగువాళ్లకి అందుబాటులో తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యానికే ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. వేలూరు సీఎంసీలో, కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో చేతి శస్త్రచికిత్సకి ప్రత్యేక విభాగాలున్నాయి. రెండు అభిప్రాయాలు తీసుకోండి, మూడోది మాత్రం వద్దు. మూడోది తీసుకుని మేము ఇంకో రెండు నెలలు పోగొట్టుకున్నాం.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకానికి రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు వేర్వేరు పేర్లున్నాయి. మీ కార్డు తీసుకెళ్లి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని కలిసి, డాక్టరు రాసిన ఆపరేషన్ పేరు చూపించి, అది జాబితాలో ఉందో లేదో ముందే అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే చేరండి.

డాక్టర్ని అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి, లోపలికి వెళ్లాక అన్నీ మర్చిపోతాం. వంతెన ప్లేట్‌లో ఎంత శాతం? బోన్ ఏజ్ ఎంత? ఏమీ చేయకపోతే పెరుగుదల ఆగేనాటికి రెండు ఎముకల మధ్య తేడా ఎన్ని మిల్లీమీటర్లు అవుతుందని మీ అంచనా? రెండో ఆపరేషన్ అవసరం పడే అవకాశం ఉందా? మోచేయి ఎక్స్‌రే కూడా చూశారా? ఇవి అడిగితే కోప్పడే డాక్టరు మీకు సరిపోడు.

పిల్లకి కూడా చెప్పండి. పన్నెండేళ్ల పిల్లకి అన్నీ అర్థమవుతాయి. మేము "చిన్న ఆపరేషన్, ఏం కాదు" అని దాటేశాం. ఆపరేషన్ గది తలుపు దగ్గర తను నా చెయ్యి పట్టుకుని "నా ఎముక ఎంత కోస్తారమ్మా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం ఉంది, ఆరు మిల్లీమీటర్లు. అది ముందే చెప్పి ఉండాల్సింది.

ఆపరేషన్ తర్వాత

మొదటి రెండు మూడు రోజులు చెయ్యి గుండె కన్నా ఎత్తులో దిండ్ల మీద పెట్టాలి. వేళ్లు మొదటిరోజు నుంచే ముడుస్తూ చాపుతూ ఉండాలి, గంటకి పదిసార్లు. నొప్పి మందుకి తగ్గకుండా పెరుగుతూ పోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే నర్సుని పిలవండి. ఎముక కోసి బిగించినవాళ్లకి ఐదారు వారాలు కట్టు ఉంటుంది. కుడి చెయ్యి అయితే బడికి ముందే ఉత్తరం రాసి, పరీక్షలుంటే రాసిపెట్టే మనిషి కోసం అడగండి.

కట్టు విప్పాక ఫిజియోథెరపీ. అరచెయ్యి పైకి తిరగడం అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది, ఓపిక పట్టండి. గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి ఉంచి తిప్పించడం మాకు బాగా పనిచేసింది. గరిటె పట్టి దోసెలు తిరగేయడం దానికన్నా బాగా పనిచేసింది, పైగా ఫీజు లేదు. బరువులెత్తడం, దండీలు, కబడ్డీ లాంటివి ఎముక పూర్తిగా అతికిందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాకే.

అల్నా మీది లోహపు ప్లేటు చర్మం కిందే ఉంటుంది, బల్లకి తగిలినప్పుడల్లా జివ్వుమంటుంది. ఇబ్బంది పెడితే ఏడాది, ఏడాదిన్నర తర్వాత తీసేస్తారు. తీసిన కొన్ని వారాలు స్క్రూల రంధ్రాలున్న ఎముక బలహీనంగా ఉంటుంది, ఆటలు మళ్లీ బంద్. గ్రోత్ ప్లేట్లు మూసే ఆపరేషన్ అయినా సరే, అవి నిజంగా మూసుకున్నాయని ఎక్స్‌రేలో తేలేదాకా ఆరు నెలలకోసారి వెళ్తూనే ఉండండి. సగమే మూసుకుంటే మళ్లీ వంకర మొదలవుతుంది.

మా అమ్మాయి కుడి ముంజేయి ఇప్పుడు ఎడమదానికన్నా ఒకటిన్నర సెంటీమీటర్లు పొట్టి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా కుట్టించేటప్పుడు తప్ప ఎవరికీ తెలియదు. మొన్న పెళ్లికి గాజులు వేయించుకోవడానికి మళ్లీ అదే ఆవిడ దగ్గర కూర్చుంది. ఆవిడ కుడి చెయ్యి ముందు పట్టుకుని, గుబ్బ మీద బొటనవేలు ఆనించి చూసి, ఏమీ అనకుండా రెండు చేతులకీ ఒకే సైజు తీసింది.